ఎగ్జామిన్ మీట సంగతి కూడా చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

పాత తరం కంప్యూటర్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆసాంతం చదివాను. 1960, 70 దశకాల మినీకంప్యూటర్ల గురించి తెలుగులో ఎవరైనా నాలుగు మాటలు రాయడమే అరుదు కనుక ముందుగా వ్యాసకర్తకూ మీకూ కృతజ్ఞతలు. అయితే ఆ యంత్రాల ముందు భాగంలో బారులు తీరి కనిపించే స్విచ్‌ల గురించి అందులో చెప్పింది సగమే నిజం. ఆ రోజుల్లో ప్రోగ్రాములన్నిటినీ ఆ స్విచ్‌లతోనే ఎక్కించేవారనీ, కీబోర్డు రాగానే వాటి పని అయిపోయిందనీ వ్యాసం చదివినవారికి అనిపిస్తుంది. అలాంటి యంత్రాల మరమ్మతు పనిలో చాలా ఏళ్లు గడిపినవాడిగా యంత్రం లోపల ఏముందో చూసి పరీక్షించడానికి కూడా అవే పనికొచ్చేవన్న మిగతా సగాన్ని మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవైనా దయచేసి ప్రచురించండి.

మాట గాలిలో తేలిపోకుండా ఒకే యంత్రాన్ని తీసుకుంటాను. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1965లో తెచ్చిన పీడీపీ-8 అది. ధర 18,000 డాలర్లు. పెద్ద కంప్యూటర్లు లక్షల డాలర్లు పలుకుతున్న కాలంలో ఒక ప్రయోగశాల సొంతానికి కొనుక్కోగలిగిన యంత్రం కావడంతో, తర్వాతి నమూనాలన్నీ కలుపుకొని ఆ కుటుంబానికి చెందిన యంత్రాలు 50,000కు పైగా అమ్ముడుపోయాయి. దాని మెమరీలో 4,096 వర్డులు, అంటే ఒక్కో సంఖ్య పట్టే గదులు; ఒక్కో వర్డుకు 12 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ ఉండే చోట్లు. అందుకే ప్యానెల్ మీద 12 స్విచ్‌ల వరుస ఉండేది. దాన్ని స్విచ్ రిజిస్టర్ అనేవాళ్లం. స్విచ్ పైకి ఉంటే 1, కిందికి ఉంటే 0. పన్నెండింటినీ మూడేసి చొప్పున విడదీసి చూస్తే నాలుగు గుంపులవుతాయి, ఒక్కో గుంపులో స్విచ్‌ల విలువ ఎడమ నుంచి 4, 2, 1 కనుక ఆ గుంపు 0 నుంచి 7 వరకు ఒక ఆక్టల్ అంకె, అంటే ఎనిమిదేసి లెక్కలోని అంకె అవుతుంది. ఈ లెక్క ఎంతగా అలవాటయ్యేదంటే, 5 అనే మాట చెవిన పడగానే మధ్య స్విచ్‌ను వదిలేసి అటూ ఇటూ ఉన్న రెండింటినీ వేళ్లు వాటంతట అవే పైకి లేపేవి.

ఆ పన్నెండు స్విచ్‌ల పక్కన మరికొన్ని మీటలు ఉండేవి. లోడ్ అడ్రస్ మీట నొక్కితే స్విచ్‌ల మీద పేర్చిన సంఖ్య ప్రోగ్రాం కౌంటర్‌లోకి వెళుతుంది, అంటే మెమరీలో ఏ గది దగ్గర నిలబడాలో యంత్రానికి చెప్పినట్టు. డిపాజిట్ మీటతో స్విచ్‌ల మీద ఉన్న వర్డు ఆ గదిలో పడి, కౌంటర్ ఒక అడుగు ముందుకు జరుగుతుంది. ఎగ్జామిన్ మీట ఆ గదిలో ఏముందో చదివి ప్యానెల్ మీద వరుసలుగా ఉన్న దీపాలతో చూపించి (వెలిగితే 1, ఆరితే 0), అదీ ఒక అడుగు ముందుకు వేస్తుంది. స్టార్ట్, కంటిన్యూ, స్టాప్ మీటల పని వాటి పేర్లలోనే ఉంది. ఇవి కాక సింగిల్ స్టెప్, సింగిల్ ఇన్‌స్ట్రక్షన్ అని రెండు స్విచ్‌లు ఉండేవి. యంత్రాన్ని అడుగడుగునా ఆపి నడిపించడానికి అవి పనికొచ్చేవి. వ్యాసంలో డిపాజిట్ గురించి ఒక పేరా ఉంది, ఎగ్జామిన్ అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. నా అభ్యంతరమంతా అక్కడే.

ముందు ఎక్కించడం సంగతి చూద్దాం. వేల వర్డుల ప్రోగ్రాంను స్విచ్‌లతో ఎవరూ ఎక్కించేవారు కాదు. ప్రోగ్రాములు కాగితపు టేపు మీద రంధ్రాల రూపంలో ఉండేవి, కీబోర్డు, అచ్చు యంత్రం కలిసి ఉండే టెలిటైప్‌కు అమర్చిన రీడర్ ఆ టేపును చదివేది. చిక్కు ఎక్కడంటే, కరెంటు ఇచ్చినంత మాత్రాన ఆ యంత్రానికి టేపు చదవడం రాదు. ఇప్పటి కంప్యూటర్లలో పుట్టుకతోనే ఉండే చిన్న ప్రోగ్రాం దానిలో లేదు. టేపు చదవడం ఎలాగో చెప్పే ఆదేశాలను ఎవరో ఒకరు చేత్తో పెట్టాలి. దానికోసం రాసినదే రిమ్ లోడర్. మెమరీ చివర్లో ఆక్టల్ 7756 నుంచి 7775 వరకు పదహారే వర్డులు. చేయి తిరిగినవారికి రెండు నిమిషాల పని. సాధారణ ప్రోగ్రాములు అంత చివరి గదుల జోలికి రావన్న నమ్మకంతో దాన్ని అక్కడ పెట్టేవారు.

ఆ పదహారు వర్డుల లోడర్ చాలా చిన్నది కనుక దానికి అర్థమయ్యే టేపు కూడా సాదాసీదాగా ఉండాలి. ఒక్కో వర్డుకు ముందు దాని అడ్రస్, తర్వాత ఆ వర్డు, ఇలా నాలుగు వరుసల రంధ్రాలు పట్టేవి. అందుకని ఆ లోడర్‌తో ముందుగా బైనరీ లోడర్ అనే పెద్ద లోడర్‌ను చదివించి, అసలు ప్రోగ్రాంను దానికి అప్పగించేవాళ్లం. బైనరీ టేపులో వర్డుకు రెండు వరుసలు సరిపోతాయి, చివర్లో సరిచూసుకోవడానికి ఒక మొత్తం కూడా ఉంటుంది. టెలిటైప్ రీడర్ సెకనుకు 10 వరుసలు చదివేది కనుక మెమరీ నిండా ప్రోగ్రాం ఎక్కించాలంటే దాదాపు 14 నిమిషాలు టేపు నడుస్తూ ఉండాలి. ఆఖరున యంత్రం ఆగినప్పుడు లెక్కల ఫలితం నిలిచే అక్యుమ్యులేటర్ అనే భాగాన్ని చూపే వరుసలోని దీపాలన్నీ ఆరిపోయి ఉంటే లెక్క సరిపోయినట్టు. ఒక్క దీపం వెలుగుతున్నా టేపులో ఎక్కడో తేడా జరిగినట్టు. అన్ని దీపాలూ ఆరి ఉండడాన్ని శుభసూచకంగా చూసే వృత్తి మాది.

ఆ యంత్రంలో ఉండే కోర్ మెమరీకి ఒక గొప్ప గుణం ఉంది. అది చిన్న చిన్న అయస్కాంత ఉంగరాలతో చేసినది కావడం వల్ల కరెంటు తీసేసినా అందులో ఉన్నది పోదు. నిన్న సాయంత్రం పెట్టిన లోడర్ ఈరోజు పొద్దున కూడా అక్కడే ఉంటుంది. అయితే రాత్రి చివరగా నడిచిన ప్రోగ్రాం గాడి తప్పి దాని మీద ఏదైనా రాసి ఉండవచ్చు. కనుక పొద్దున్నే మొదటి పని 7756ను లోడ్ అడ్రస్ చేసి, ఎగ్జామిన్ మీటను పదహారు సార్లు నొక్కి, గోడకు అతికించిన కాగితంతో దీపాలను పోల్చుకోవడం. అన్నీ సరిగ్గా ఉంటే మళ్లీ ఎక్కించే పనే లేదు. రోజువారీ పనిలో మేము డిపాజిట్ కంటే ఎగ్జామిన్‌నే ఎక్కువగా వాడేవాళ్లం.

ఇది నాకు తెలిసివచ్చిన రోజు ఒకటుంది. పనిలో చేరిన కొత్తలో, నేను శిక్షణ పొందుతున్న చోట, లోడర్ మొత్తం చెరిగిపోతే దాన్ని మళ్లీ ఎక్కించే పని నాకు అప్పగించారు. తడుముకోకుండా పెట్టేశానన్న ఉత్సాహంలో ఒక్కసారి కూడా తిరిగి చూసుకోకుండా స్టార్ట్ నొక్కాను. టేపు హాయిగా నడిచింది. చివరి దాకా నడిచింది. కానీ మెమరీలో ఏమీ మారలేదు. రీడర్ పాడైందని కొందరు, టేపు పాతబడిందని కొందరు అన్నారు. టెలిటైప్ మూత విప్పి పూట గడిపేశాం. మధ్యాహ్నం మా సీనియర్ వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా, 7756 నుంచి ఎగ్జామిన్ నొక్కుతూ పోయి 7772 దగ్గర చెయ్యి తీసేశారు. అక్కడ 7420 ఉండాలి. నా చేతి చలవ వల్ల 7410 ఉంది.

ఆ రెండు సంఖ్యలకూ తేడా ఏమిటో పాఠకులకు చూపించాలి. మూడో గుంపులో మధ్య స్విచ్ లేపితే 2, దాని పక్కది లేపితే 1. నా వేలు ఒక్క స్విచ్ పక్కకు జరిగింది, అంతే. కానీ 7420కి అర్థం, అక్యుమ్యులేటర్ పక్కన ఉండే లింక్ అనే బిట్ 1 అయితేనే తర్వాతి ఆదేశాన్ని దాటవేయమని. టేపు మీద వచ్చింది అడ్రస్ అయితే లింక్ 1గా ఉంటుంది, వర్డు అయితే 0గా ఉంటుంది. లోడర్ ఏది అడ్రస్సో ఏది సరుకో గుర్తుపట్టేది అక్కడే. 7410కి అర్థం ఏది వచ్చినా సరే దాటవేయమని. దాటవేసిన ఆ ఆదేశమే వర్డును మెమరీలో పెట్టేది. కనుక టేపు మీద ఉన్న ప్రతి వర్డునూ యంత్రం అడ్రస్ అనుకొని, అడ్రస్ ఉంచుకునే 7776 గదిలో రాసుకుంటూ, చెరిపి మళ్లీ రాసుకుంటూ పోయింది, ఒక్కదాన్ని కూడా చోటికి చేర్చలేదు. బయటికి కనిపించే లక్షణం రీడర్ జబ్బులా ఉంది, అసలు జబ్బు నా వేలి కొసన ఉంది. ఆ మధ్యాహ్నం తర్వాత ఎగ్జామిన్ చేయకుండా నేను స్టార్ట్ మీట ముట్టుకోలేదు.

ఆ సీనియర్ దగ్గరే ఇంకో అలవాటు నేర్చుకున్నాం. ఒకరు కాగితం చూసి అంకెలు పైకి చదవాలి, ఇంకొకరు స్విచ్‌లు పెట్టాలి. సరిచూసేటప్పుడు మాత్రం పాత్రలు తిరగబడాలి. ప్యానెల్ ముందున్న మనిషి కాగితం వైపు చూడకుండా దీపాలను చదివి చెప్పాలి, కాగితం పట్టుకున్న మనిషి వినాలి. కాగితం చూస్తూ దీపాలు చూస్తే, ఉండవలసిన అంకే కంటికి కనిపిస్తుంది. అచ్చు తప్పులు దిద్దే మీ కార్యాలయంలోని వారికి ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

డిపాజిట్ చేసినప్పుడు మెమరీ బఫర్ అనే వరుసలో దీపాలు వెలుగుతాయి. కొత్తవారు అది చూసి వర్డు గదిలో పడిందని తృప్తిపడతారు. నిజానికి ఆ దీపాలు మనం పంపినదాన్ని చూపిస్తాయి. గదిలో నిలిచినది ఏమిటో తెలియాలంటే మళ్లీ అడ్రస్ పెట్టి ఎగ్జామిన్ నొక్కాల్సిందే. పంపినదీ నిలిచినదీ ఒకటే అయితే యంత్రం ఆరోగ్యంగా ఉంది. వేరైతే ఆ తేడా నుంచే జబ్బు పేరు చెప్పవచ్చు.

ఆ జబ్బుల సంగతికి వెళ్లేముందు, ప్రోగ్రాం పరీక్ష ఎలా జరిగేదో ఒక చిన్న ఉదాహరణతో చూపిస్తాను, 2కు 3 కలపడం. 0200 నుంచి వరుసగా 7300, 1205, 1206, 3207, 7402 అనే అయిదు ఆదేశాలు, ఆ వెంటనే 0205లో 0002, 0206లో 0003 పెట్టాలి. 7300 అక్యుమ్యులేటర్‌ను, లింక్‌ను శుభ్రం చేస్తుంది. 1205 అంటే 0205లో ఉన్నదాన్ని కలుపు, 1206 అంటే 0206లో ఉన్నదాన్ని కలుపు. 3207 అంటే వచ్చిన మొత్తాన్ని 0207లో పెట్టు. 7402 అంటే ఆగు. డిపాజిట్లు పూర్తయ్యేసరికి కౌంటర్ 0207 దగ్గర ఉంటుంది కనుక 0200ను మళ్లీ లోడ్ అడ్రస్ చేశాకే స్టార్ట్ నొక్కాలి. కొత్తగా చేరినవారిలో మూడొంతుల మంది మొదటిరోజు ఇక్కడే దారి తప్పేవారు.

స్టార్ట్ నొక్కితే ఆ అయిదు ఆదేశాలూ కంటికి ఆనకముందే ముగిసిపోతాయి. ఒక మెమరీ సైకిల్, అంటే ఒక గదిని ఒకసారి చదివి తిరిగి రాసే సమయం, 1.5 మైక్రోసెకన్లే కదా. అందుకే సింగిల్ ఇన్‌స్ట్రక్షన్ స్విచ్ పెట్టి, ఒక్కో ఆదేశానికి ఒకసారి కంటిన్యూ నొక్కుతూ చూడాలి. మొదటి ఆదేశం తర్వాత అక్యుమ్యులేటర్ వరుస చీకటిగా ఉంటుంది. రెండోదాని తర్వాత కుడి నుంచి రెండో దీపం వెలుగుతుంది, అది 2. మూడోదాని తర్వాత ఆ దీపం ఆరి దానికి అటూ ఇటూ ఉన్న రెండు దీపాలు వెలుగుతాయి, అది 5. నాలుగో ఆదేశం అవగానే వరుస మళ్లీ చీకటి. కూడిక తప్పయిందని కొత్తవారు కంగారుపడేది ఇక్కడ. ఏమీ తప్పు కాలేదు. ఆ యంత్రంలో మొత్తాన్ని మెమరీలో పెట్టే ఆదేశమే అక్యుమ్యులేటర్‌ను ఖాళీ చేస్తుంది. 0207 పెట్టి ఎగ్జామిన్ నొక్కితే 0005 చక్కగా కనిపిస్తుంది. పుస్తకంలో ఒక వాక్యంగా చదివి మరచిపోయే ఈ సంగతిని దీపం ఆరడం చూసి నేర్చుకున్నవారు జీవితాంతం మరచిపోరు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

ఇంకొంచెం సరదా కలిగించే పరీక్ష ఒకటుంది. అక్యుమ్యులేటర్‌లో ఒకే ఒక 1 పెట్టి, దాన్ని ఎడమకు ఒక్కో చోటు జరుపుతూ, జరిపిన ప్రతిసారీ మధ్యలో ఒక గదిని 4,096 సార్లు లెక్కపెట్టిస్తే, వెలుగు చుక్క వరుస వెంట పరుగెత్తుతుంది. లెక్క పెంచే ఆదేశానికి రెండు సైకిళ్లు, వెనక్కి దూకే ఆదేశానికి ఒకటి, వెరసి 4.5 మైక్రోసెకన్లు. 4,096 సార్లకు 18.4 మిల్లీసెకన్లు. లింక్‌తో కలిపి 13 చోట్లు తిరిగి రావడానికి పావు సెకను. కాగితం మీద వేసిన ఈ లెక్కకూ కంటికి కనిపించే పరుగుకూ పొంతన కుదిరితే యంత్రం గడియారం సరిగ్గా కొట్టుకుంటున్నట్టే. వైద్యుడు ముంజేయి పట్టుకుని నాడి చూసినట్టు మేము ఆ చుక్కను చూసేవాళ్లం.

ఇక యంత్రం జబ్బుల విషయానికి వస్తాను. మెమరీ అనుమానంగా ఉంటే ముందు ఒక గదిలో 0000 డిపాజిట్ చేసి ఎగ్జామిన్ చేస్తాం, తర్వాత 7777, తర్వాత ఒకటి విడిచి ఒకటి వెలిగే 5252, దానికి ఎదురుగా 2525. కోర్ మెమరీలో ఒక్కో బిట్‌కు ఒక వల ఉంటుంది. ఒక్కో వలలో 64 అడ్డ తీగలు, 64 నిలువు తీగలు కలిసే చోట్ల 4,096 ఉంగరాలు ఉంటాయి. అలాంటి వలలు పన్నెండు. ఏ అడ్రస్ పెట్టినా ఒకే బిట్ తప్పుగా వస్తుంటే జబ్బు ఆ వలకు చెందిన సర్క్యూట్‌లో ఉంది. ఆ బిట్ 0 పెట్టినా 1గానే తిరిగి వస్తుంటే ఇన్‌హిబిట్ తీగను నడిపే భాగాన్ని అనుమానించాలి. ఎందుకంటే 0 రాయవలసిన చోట 1 పడకుండా అడ్డుకునేది అదే. 1 పెట్టినా 0గానే వస్తుంటే ఉంగరం పలికే సన్నని సంకేతాన్ని వినే సెన్స్ యాంప్లిఫయర్‌ను చూడాలి. అలాకాక బిట్లన్నీ బాగుండి, చివరి రెండు ఆక్టల్ అంకెలు ఒకదానితో ఒకటి కలిసే అడ్రసుల్లో మాత్రమే తేడా వస్తుంటే జబ్బు ఆ వరుస తీగలను నడిపే చోట ఉంది. ఇదంతా పన్నెండు స్విచ్‌లు, రెండు మీటలు, కొన్ని దీపాలతో, ఒక్క మూత కూడా విప్పకముందే తేలిపోయేది. ఏ కార్డు తీయాలో తెలిసిన తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్లం.

దీపమే మాడిపోతే ఏమిటని ఎవరికైనా సందేహం రావచ్చు. ఆ తొలి నమూనాలో ఉన్నవి ఫిలమెంట్ బల్బులు, అవి మాడిపోవడం మామూలే. మాడిన బల్బూ 0 బిట్టూ కంటికి ఒకేలా ఉంటాయి. మెమరీ బఫర్ వరుసలో ఒక బిట్ ఎప్పుడూ చీకటిగా ఉంటే, ఆ గదిలో ఉన్నదాన్ని అక్యుమ్యులేటర్‌లోకి కలిపే ఆదేశం ఒకటి పెట్టి నడిపిస్తే చాలు. అక్యుమ్యులేటర్‌కు వేరే బల్బుల వరుస ఉంది కదా, అక్కడ అదే చోట దీపం వెలిగితే మెమరీ నిక్షేపంగా ఉన్నట్టు, మార్చవలసింది బల్బునే. పాత మీటలతో వచ్చే ఇంకో బాధ, అరిగిపోయిన కాంటాక్ట్ వల్ల ఒక్క నొక్కుకే డిపాజిట్ రెండుసార్లు జరగడం. ఒకే వర్డు పక్కపక్క గదుల్లో పడి, అక్కడి నుంచి ప్రోగ్రాం అంతా ఒక గది కిందికి జారిపోతుంది. ప్రతి డిపాజిట్‌కూ అడ్రస్ దీపాలు ఒక్క అడుగే కదిలాయా లేదా అని ఓరకంట చూస్తూ ఉండడమే దానికి విరుగుడు.

తయారీదారులు కూడా ప్యానెల్‌ను పరీక్షా పరికరంగానే చూశారనడానికి వారు ఇచ్చిన పరీక్షా ప్రోగ్రాములే సాక్ష్యం. 1970లో వచ్చిన పీడీపీ-11 యంత్రానికి 16 బిట్లు. దాని పరీక్షా ప్రోగ్రాములు నడుస్తున్నంతసేపూ స్విచ్‌లను చదువుతూ ఉండేవి. మామూలుగా 15వ స్విచ్ పైకి లేపితే తప్పు దొరికిన చోట ఆగిపోవాలి, 14వది లేపితే అదే పరీక్షను మళ్లీ మళ్లీ చేయాలి, 13వది లేపితే తప్పులను టైపు చేయడం మానేయాలి. మళ్లీ మళ్లీ చేయించడం ఎందుకంటే, యంత్రం అదే పనిని సెకనుకు వేల సార్లు చేస్తుంటే విద్యుత్ సంకేతాన్ని గీతగా చూపే ఆసిలోస్కోప్ తెర మీద అది కదలకుండా నిలబడుతుంది, ఇంజనీరు ఒక్కో పిన్ను మీద ప్రోబ్ పెట్టి వెతుక్కుంటూ పోవచ్చు. ప్రోగ్రాం ఆగినప్పుడు కౌంటర్ దీపాలు చూపే అడ్రస్‌ను అచ్చు కాగితంలో వెతికితే ఏ పరీక్ష తప్పిందో తెలిసేది. ఆ కాగితాల కట్ట ప్రతి మెషిన్ గదిలో ఒక బీరువా నిండా ఉండేది.

కీబోర్డు రావడంతో ప్యానెల్ పోయిందన్న మాటకు వస్తాను. టెలిటైప్ రూపంలో కీబోర్డు మొదటి నుంచీ ఆ యంత్రాల పక్కనే ఉంది. ప్యానెల్‌ను తప్పించింది చదవడమే తప్ప యంత్రం తిరిగి రాయలేని మెమరీ, అంటే రోమ్. లోడర్‌ను చిన్న చిప్‌లో పెట్టి యంత్రంతో పాటే ఇచ్చే వీలు కలిగాక పదహారు వర్డులు చేత్తో పెట్టే అవసరం తీరింది. 1975లో వచ్చిన ఎల్‌ఎస్‌ఐ-11 వంటి యంత్రాల్లో ఒక గదిని చూడడం, దిద్దడం కూడా టెర్మినల్‌లో టైపు చేసే ఆదేశాలయ్యాయి. స్విచ్‌లు పోయాయి, పని పోలేదు. ఇప్పటికీ పాత యంత్రాలను ఆధునిక కంప్యూటర్ మీద అనుకరించే సిమ్‌హెచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మెమరీని చూడడానికి, దిద్దడానికి వాడే ఆదేశాల పేర్లు ఎగ్జామిన్, డిపాజిట్. 1965 నాటి మీటలకు ఉన్న అవే పేర్లు.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. వ్యాసంతో పాటు వేసిన ఫొటోలో యంత్రం అద్దాల పెట్టెలో ఉంది. ప్యానెల్ తళతళలాడుతోంది, కరెంటు లేదు. ప్రపంచంలో ఇలాంటి యంత్రాలు చాలావరకు ఈ స్థితిలోనే ఉన్నాయి. అయితే ఇలాగే ఉండనక్కర్లేదు. అమెరికాలోని మౌంటెన్ వ్యూలో ఉన్న కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంవారు పీడీపీ-8కు ముందుతరం యంత్రమైన పీడీపీ-1ను బాగుచేసి సందర్శకుల ముందు నడిపించి చూపిస్తున్నారు. సియాటిల్‌లో మైక్రోసాఫ్ట్ సహవ్యవస్థాపకుడు పాల్ అలెన్ పెట్టిన లివింగ్ కంప్యూటర్స్ మ్యూజియంలో పాత యంత్రాలను సందర్శకులే స్వయంగా వాడే వీలుండేది. 2020లో అది మూతపడింది, 2024లో ఇక తెరవబోమని ప్రకటించి కొన్ని వస్తువులను వేలానికి పెట్టారు. యంత్రం ఇంకొకరి చేతికి వెళ్లవచ్చు, కానీ దాన్ని నడిపించిన చేతులు దానితో పాటు వెళ్లవు.

అసలు యంత్రం దొరకనివారికి కూడా దారి ఉంది. పీడీపీ-8 కుటుంబంలోని తర్వాతి నమూనా పీడీపీ-8/ఐ ప్యానెల్‌ను స్విచ్‌లతో సహా చిన్న పరిమాణంలో తయారుచేసి, వెనుక రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద సిమ్‌హెచ్‌ను నడిపించే పైడీపీ-8/ఐ అనే కిట్ ఉంది. అందులో స్విచ్ కిందా మీదా అవడం, దీపం వెలగడం అచ్చం అసలు దానిలాగే ఉంటుంది. నేను పైన రాసిన 2, 3 కూడికను అందులో పెట్టి చూస్తే నాలుగో ఆదేశం దగ్గర దీపాలు ఆరిపోతాయి. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు ప్రాసెసర్ పాఠం మొదటిరోజునే ఈ అనుభవం ఇస్తే, మెమరీ, అడ్రస్, ఆదేశం అనే మాటలు వారికి బొమ్మలుగా కాక వేలికి తగిలే వస్తువులుగా తెలుస్తాయని నా గట్టి నమ్మకం.

చివరగా, ఇలాంటి యంత్రం చేతిలో ఉండి, దాన్ని బాగుచేసి నడిపించాలని అనుకునే సంస్థలకు ఒక విన్నపం. పవర్ సప్లయిని విడిగా పరీక్షించకుండా యంత్రానికి కరెంటు ఇవ్వకండి. వోల్టేజీలు సరిగ్గా ఉన్నాయని తేలాక కరెంటు ఇచ్చినప్పుడు, ఉత్సాహం కొద్దీ వెంటనే డిపాజిట్ మీట ముట్టుకోకండి. స్టార్ట్ కూడా నొక్కకండి. కోర్ మెమరీ కరెంటు లేకపోయినా మరచిపోదని రాశాను కదా, ఆ యంత్రాన్ని ఆఖరిసారి ఆపిన రోజున అందులో ఏ ప్రోగ్రాం ఉందో అది ఇంకా ఆ ఉంగరాల్లోనే ఉండే అవకాశం ఉంది. ఒక్క తప్పు డిపాజిట్‌తో అది చెరగడం మొదలవుతుంది. అందుకని 0000 లోడ్ అడ్రస్ చేసి, ఒకరు దీపాలు చదువుతూ, ఇంకొకరు రాసుకుంటూ, ఎగ్జామిన్ మీటను 4,096 సార్లు నొక్కండి. నాలుగైదు రోజుల పని అయినా సరే. అంత ఓపిక మొదటిరోజునే లేకపోతే ముందు 7756 దగ్గర చూడండి. అక్కడ 6032, తర్వాత 6031, ఆ తర్వాత 5357 కనిపిస్తే అది ఎవరో ఒకప్పుడు తమ వేళ్లతో పెట్టి వెళ్లిన లోడర్. దాని కింద ఉన్నవన్నీ రాసుకునేదాకా ఏ స్విచ్‌నూ ఎవరినీ తాకనివ్వకండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత హార్డ్‌వేర్ ఇంజనీరు